జతపరచుటలో న్యాయము

పాఠశాలయందు ప్రతిదినమును జరుగు పనులలో హాజరు పిలుచుటకంటె సామాన్యమైనది లేదు. ఉదయమున గంట మ్రోగిన పిమ్మట ఉపాధ్యాయుడు పట్టీని తెరచి యొక్కొక్క సంఖ్యను పిలుచును. ఒక్కొక్క విద్యార్థి లేచి పలుకును. ఒక ప్రక్క పేర్ల వరుస, మరియొక ప్రక్క పలుకుల వరుస. రెండును కాడికి కట్టిన జోడెడ్లవలె అడుగులో అడుగు వేయుచు సాగిపోవును. దీని నొక విద్యయని యెవరును తలపరు. ఐనను ఈ చిన్న పనిలోనే, కంప్యూటరు భాషలను నిర్మించువారు అరువది యేండ్లకు పైగా వేరువేరు విధముల సమాధానము చెప్పుచు వచ్చిన ప్రశ్న యొకటి దాగియున్నది. రెండు వరుసలను జతపరచునప్పుడు ఒకటి ముందుగా ముగిసిపోయినచో, రెండవదానిలో మిగిలినవాని నేమి చేయవలెను?

ఈ ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినదని తలంచువారు గలరు. అట్టివారికి ముందుగా మా యనుభవము నొకదానిని విన్నవింతుము.

కొన్ని సంవత్సరములకు పూర్వము మేము పనిచేయుచుండిన యొక పాఠశాలలో, ఒక తరగతియందు 42 మంది విద్యార్థు లుండిరి. గణిత పరీక్షకు 18వ సంఖ్య గల బాలుడు జ్వరముచేత రాలేదు. జవాబు పత్రములు సంఖ్యల క్రమముననే కట్టబడి యుండెను. మేము మార్కులను ఒకదాని క్రింద నొకటిగా కంప్యూటరులో నెక్కించితిమి. రానివాని చోట గీతయైనను గీయక పోతిమి. కనుక పేర్లు 42, మార్కులు 41. పిమ్మట రెండు వరుసలను జతపరచు చిన్న ప్రోగ్రామును నడిపితిమి. అది మారుమాట పలుకక పట్టికను సిద్ధముచేసి యిచ్చెను. మేమును దానిని మరల చూడక గోడమీద నంటించితిమి.

ఫలిత మేమనగా, 17వ సంఖ్యవరకు అంతయు సరియే. 18వ వానికి 19వ వాని మార్కులు, 19వ వానికి 20వ వాని మార్కులు, ఇట్లు 41వ సంఖ్యవరకు 24 పేర్ల కెదురుగా పరుల మార్కులు పడినవి. 42వ సంఖ్య గల బాలిక పేరు పట్టికలోనే లేదు. ఆ బిడ్డ తాను తప్పితినని తలంచి, యెవరితోను చెప్పక యింటికి పోయినది. మరునాడు ఆమె తల్లి వచ్చి, "అయ్యవారూ, మా పాప పేరే లేదే! పరీక్ష రాసింది గదా?" అని యడిగిన పిమ్మటగాని మా కన్నులు తెరువబడలేదు. పట్టికను చేతబట్టుకొని తరగతిలోనికి పోగా, 18వ సంఖ్య గల బాలుడు తనంతట తానే లేచి, "సార్, నేను పరీక్షకే రాలేదు. నాకు 64 మార్కులు ఎట్లా వచ్చినాయి?" అని యడిగెను. తన కనుకూలముగా పడిన తప్పును తానే బయటపెట్టిన యా బాలుని మేమెన్నడును మరువము. పట్టికను దిద్ది, తరగతియెదుట మా పొరపాటు నొప్పుకొంటిమి. ఐనను ఒక రాత్రియంతయు ఆ బాలిక పడిన వేదనను దిద్దుటకు మాయొద్ద నుపాయము లేకపోయెను.

తప్పు మాదే, అందు సందేహము లేదు. గీత గీయవలసినవారము మేము, సరిచూడవలసినవారము మేము. కాని యొక వరుసలో నొకటి మిగిలియున్నదని కన్నులార చూచియు ఆ ప్రోగ్రాము మూగవలె నుండుట న్యాయమా యని అప్పటినుండియు ఆలోచించుచున్నాము. ఆ యాలోచనల ఫలమే యీ వ్యాసము. మన విద్యార్థులలో పలువురు నేడు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుచున్నారు. రేపు ఆస్పత్రులలోను, బ్యాంకులలోను, కచేరీలలోను నడచు ప్రోగ్రాములను వారే వ్రాయుదురు. కావున ఈ విషయము వారికిని, వారి తల్లిదండ్రులకును తెలిసియుండుట మంచిది.

కంప్యూటరు భాషలో ఫంక్షననబడునది యొక చిన్న పనివానివంటిది. దానికి కొన్ని వస్తువుల నప్పగించినచో, తనకు నియమింపబడిన పనిని చేసి ఫలితమును తెచ్చి యిచ్చును. వరుసలను జతపరచు ఫంక్షనునకు పెక్కు భాషలలో జిప్ అని పేరు. పుస్తకముల సంచికి గల జిప్పును చూచినవారికి ఈ పేరు సులభముగా బోధపడును. ఇరుప్రక్కల పండ్లు ఒకదానితో నొకటి పెనవేసికొనుచు పోవును గదా. మామిడి, చింత, వేప యను వరుసను, 5, 8, 3 అను వరుసను దాని కిచ్చినచో, మామిడికి 5, చింతకు 8, వేపకు 3 అని మూడు జతలు చేసి యిచ్చును. వరుసలు సమానముగా నున్నంతవరకు ఏ భాషయందును వివాదము లేదు. మొదటి వరుసలో నాలుగవదిగా రావి చేరినదనుకొనుడు. అప్పుడేమి చేయవలెను?

లోకమున నడచుచున్న మార్గములు నాలుగు. మొదటిది, పొట్టి వరుసతోనే నిలిచిపోవుట. మూడు జతలు చేసి, రావిని గూర్చి నోరెత్తకుండుట. పైథాన్, హాస్కెల్, రస్ట్, స్విఫ్ట్ భాషలలోని జిప్ ఈ మార్గముననే నడచుచున్నది. 2023 నాటి సి ప్లస్ ప్లస్ ప్రమాణములో చేరిన జిప్పును ఇట్టిదే. రెండవది, లోటును శూన్యపు గుర్తుతో పూరించుట. రావి కెదురుగా "ఏమియు లేదు" అను గుర్తు నుంచుదురు. పైథాన్‌లో ఇందులకు జిప్ లాంగెస్ట్ అను వేరొక ఫంక్షను గలదు. రూబీ భాషయందు మొదటి వరుసయే కొలబద్ద. రెండవదానిలో తక్కువైనచో నిల్ అను గుర్తుతో పూరించును, ఎక్కువైనచో శేషమును విడిచిపెట్టును. మూడవది, వరుసలు సమానముగా లేవని చెప్పి పనిని నిలిపివేయుట. ఓకేమల్ భాషలో జాబితాలను జతపరచు కంబైన్ అను ఫంక్షను, ఎఫ్ షార్ప్ భాషలో జాబితాలకు గల జిప్ ఇట్లు చేయును. నాలుగవది, పొట్టి వరుసను మరల మొదటినుండి త్రిప్పుట. గణాంకశాస్త్రజ్ఞులు వాడు ఆర్ భాష, అసమానములైన రెండు సంఖ్యల వరుసలను కూడునప్పుడు ఈ పద్ధతి నవలంబించును; పొడవైన వరుస పొట్టిదానికి సరియైన గుణిజము కానప్పుడు మాత్రమే హెచ్చరిక చేయును.

ఈ మార్గములలో నేది ప్రాచీనమైనది? అమెరికా దేశస్థుడగు జాన్ మెకార్థీ 1960లో ప్రకటించిన లిస్ప్ భాషా వ్యాసమున పెయిర్ అను ఫంక్షను గలదు. రెండు జాబితాలును ఒకేసారి ముగిసినచో పని ముగిసినట్లు. రెండింటియందును మిగిలియున్నచో మొదటివానిని జతచేసి ముందునకు సాగవలెను. ఇంతియే దాని నిర్వచనము. ఒకటి ముగిసి, వేరొకటి మిగిలియుండు స్థితికి ఆ నిర్వచనములో చోటే లేదు. అనగా అసమానమైన వరుసల నిచ్చుట అర్థములేని ప్రశ్న నడుగుటయే యని ఆ పెద్ద తలంచెనని మేము గ్రహించుచున్నాము. శేషమును చడీచప్పుడు లేక పారవేయు నలవాటు పిమ్మట వచ్చినది.

మన విద్యార్థులు నేర్చుకొనునది హెచ్చుగా పైథాన్ కావున దాని చరిత్రమును కొంచెము వివరింతుము. గిడో వాన్ రోసమ్ అను డచ్చి దేశస్థుడు ఈ భాషను 1991లో లోకమునకు విడుదలచేసెను. మొదట దీనిలో జిప్ లేదు. మ్యాప్ అను ఫంక్షనుతోనే జతలు కట్టుచుండిరి, అది లోటును నన్ అను శూన్యపు గుర్తుతో పూరించుచుండెను. 2000 సంవత్సరమున బారీ వార్సా వ్రాసిన 201వ ప్రతిపాదన ప్రకారము, 2.0 సంచికలో జిప్ ప్రవేశించినది. ఈ ఫంక్షనునకు ఇరువదికి పైగా వేరు పేర్లు సూచింపబడినను, హాస్కెల్ భాషనుండి వచ్చిన సంప్రదాయమని రోసమ్ గారు జిప్ అను పేరునే కోరిరి. పేరుతో పాటు పొట్టి వరుసతో నిలిచిపోవు స్వభావమును వచ్చినది. లోటును పూరించు ఫంక్షను 2008లో 2.6 సంచికతో వేరుగా చేరినది. అసమానముగా నున్నచో దోషమని చెప్పు సదుపాయము మాత్రము చాలకాలము రాలేదు. 2020లో బ్రాంట్ బుచర్ అను నతడు 618వ ప్రతిపాదనను వ్రాయగా, 2021 అక్టోబరులో వెలువడిన 3.10 సంచికలో స్ట్రిక్ట్ అను షరతు చేర్చబడినది. జిప్పును పిలుచునప్పుడు ఆ షరతును పెట్టినచో, వరుసలు సరిపోనప్పుడు అది దోషమును ప్రకటించి నిలిచిపోవును.

ఆ ప్రతిపాదనయందు చూపబడిన యుదాహరణ మొకటి మిక్కిలి గుణపాఠము కలిగించునది. పైథాన్ తన సొంత భాండాగారములో నుంచుకొన్న యొక ఫంక్షను, తాళపుచెవుల వరుసను విలువల వరుసను జతచేసి నిఘంటువువంటి పట్టికను తయారుచేయును. ఒక తాళపుచెవి నిచ్చి, విలువ నీయకపోయినచో అది యది తప్పని చెప్పవలసినది. చెప్పక, ఖాళీ పట్టికను చేతబెట్టెను. భాషను నిర్మించినవారి యింటిలోనే ఇట్టి తప్పు దాగియుండగా, మావంటివారు మార్కుల పట్టికలో పొరబడుట యాశ్చర్యమా? మా యపరాధమును కప్పిపుచ్చుటకు దీనిని చెప్పలేదు. మనుష్యుడు పొరబడుట సహజమనియు, సాధనమును నిర్మించువారు ఆ సంగతి నెరిగియే నిర్మింపవలెననియు చెప్పుటయే మా యుద్దేశము.

ఇక మా యభిప్రాయమును స్పష్టముగా తెలుపుదుము. వరుసలను జతపరచు ఫంక్షను, ఏ షరతును చెప్పనప్పుడు, సమానతనే కోరవలెను. పొట్టిదానితో నిలుపవలెననినచో ఆ మాటను వ్రాయువాడు నోరు తెరచి చెప్పవలెను. శూన్యముతో పూరింపవలెననిన, దేనితో పూరింపవలెనో వాడే చెప్పవలెను. మరల త్రిప్పవలెననినను అంతియే. శేషమును పారవేయుట కొన్ని వేళల యుక్తమే. కాని అడుగకయే పారవేయుట సేవకుడు యజమానుని సొమ్మును చెప్పక పారవేయుటవంటిది.

దీనికి విరోధముగా చెప్పబడు వాదములు మూడు గలవు. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు.

మొదటి వాదము: అంతులేని వరుసలు గలవు. 1, 2, 3 అని యెన్నటికిని ముగియని సంఖ్యల వరుసను పేర్ల వరుసతో జతపరచి, ప్రతి పేరునకును క్రమసంఖ్య నిచ్చుట హాస్కెల్ భాషలో నిత్యము జరుగు పని. అక్కడ సమానతను కోరినచో ప్రతిసారియు దోషమే కలుగును. ఇది నిజము. కాని యంతులేని వరుసను తెచ్చువాడు తాను తెచ్చినది అంతులేనిదని యెరిగియే తెచ్చును. పొట్టిదానితో నిలుపుమని యొక్క మాట చెప్పుట వానికి భారము కాదు. తెలిసినవాడు ఒక మాట యెక్కువ వ్రాయుట మేలా, తెలియనివాని బిడ్డ పేరు పట్టికనుండి రాలిపోవుట మేలా?

రెండవ వాదము: ఇదివరకు వ్రాయబడిన కోట్లకొలది పంక్తులు పాత స్వభావమును నమ్ముకొని యున్నవి; హఠాత్తుగా మార్చినచో అవి విరిగిపోవును. పైథాన్ పెద్దలు పాత స్వభావమును మార్చక, స్ట్రిక్ట్ అనుదానిని కోరినవారికి మాత్రమే యిచ్చుటకు ఇది కారణము. పాత యింటి పునాదిని కదలించుట కంటె క్రొత్త తలుపు పెట్టుట క్షేమమని వారు తలంచుటను మేము తప్పుపట్టము. కాని క్రొత్తగా భాషను నిర్మించువారి కీ సాకు లేదు. స్టాండర్డ్ ఎం.ఎల్. భాషలో పొట్టిదానితో నిలుచు జిప్, సమానతను కోరు జిప్ ఈక్యూ అను రెండును ప్రక్కప్రక్కనే యుంచబడినవి. కోరిక వేరైనప్పుడు పేరును వేరుగా నుండుట ధర్మము.

మూడవ వాదము అన్నిటికంటె సూక్ష్మమైనది. కొన్ని వరుసలు ముందుగా లెక్కింపరానివి. ఏటినీరువలె వచ్చుచునే యుండును. అట్టివానిని జతపరచు ఫంక్షను, చివరివరకు పోయినగాని అసమానతను కనుగొనజాలదు. కనుక పైథాన్‌లో స్ట్రిక్ట్ షరతు పెట్టినను, దోషము ప్రకటింపబడు నప్పటికి ముందరి జతలన్నియు చేతికి వచ్చి, వానితో పని జరిగిపోయి యుండును. జీతములు పంచు ప్రోగ్రామైనచో, తప్పు తెలియునప్పటికి డబ్బు బట్వాడా అయిపోయి యుండును. ఈ మాటయు నిజమే. కాని దీనివలన తేలునది స్ట్రిక్ట్ నిరర్థకమని కాదు. జతలన్నియు కట్టి, చివర సరిపోయినదని తెలిసిన పిమ్మటనే పంపకమునకు పూనుకొనవలెనని. ఆలస్యముగా వచ్చిన హెచ్చరిక, ఎన్నటికిని రాని హెచ్చరికకంటె మేలు.

పొట్టిదానితో నిలుచుటయందు మరియొక చిక్కును గలదు. తిరుపతివంటి యూరిలో వరుసలలో నిలుచుట యెవరికిని క్రొత్త గాదు. రెండు వరుసలున్నవి, గుమాస్తా మొదటి వరుసనుండి యొకనిని, రెండవ వరుసనుండి యొకనిని పిలిచి జతగా లోనికి పంపుచున్నాడనుకొనుడు. మొదటి వరుసనుండి యొకనిని పిలిచి, రెండవ వరుసవైపు చూడగా అక్కడ నెవరును లేరు. గుమాస్తా పుస్తకము మూసి వెళ్లిపోయెను. ఆ పిలువబడినవాని గతి యేమి? వాడు లోనికి పోలేదు. వరుసలోని తన చోటును పోగొట్టుకొనెను. పైథాన్‌లో ఏటినీరువంటి వరుసలను జతపరచునప్పుడు సరిగా నిదియే జరుగును. మొదటిది పొడవైనచో దానినుండి యొకటి తీయబడి, జత దొరకక మాయమగును. వరుసలను తారుమారు చేసి, పొట్టిదానిని ముందుంచినచో అది పోదు. జతపరచు క్రమమును మార్చినంతనే ఒక వస్తువు మిగులుటయో, మాయమగుటయో సంభవించునట్టి సాధనమును బాలురచేతి కిచ్చునప్పుడు, ఈ గుణమును ముందుగా చెప్పుట గురువుల విధి.

ఇదంతయు పడమటి దేశముల యంత్రవిద్యయని యెవరైన తలంతురేమో. అసమానమైన వరుసలను జతపరచు చిక్కును మన దేశపు గణితవేత్తలు ప్రాచీనకాలముననే యెదుర్కొనిరి. ఇంటింటను గోడకు వ్రేలాడు పంచాంగమే యిందుకు సాక్ష్యము.

చాంద్రమాసమునకు తిథులు 30. దినములు మాత్రము సుమారు 29న్నర. పండ్రెండు మాసములకు తిథులు 360, దినములు సుమారు 354. ఈ రెండు వరుసలను ఎట్లు జతపరచుట? సూర్యోదయకాలమున ఏ తిథి నడచుచున్నదో అదియే ఆ దినపు తిథి యని నియమము చేసిరి. ఒక తిథి యొక సూర్యోదయమునకు పిమ్మట మొదలై, మరుసటి సూర్యోదయమునకు ముందే ముగిసినచో, దానికి దినము దొరకదు. దానిని పారవేసిరా? లేదు. క్షయతిథి యని దానికి పేరు పెట్టి, ఎన్ని గడియలకు ముగియునో ఆ దినముననే వ్రాసిరి. ఒకే తిథి రెండు సూర్యోదయములను తాకినచో వృద్ధితిథి యనిరి. వారముల సంగతి వేరు. ఏడును ముగిసిన పిమ్మట మరల ఆదివారమునుండి త్రిప్పుదురు. మనము చెప్పుకొన్న నాలుగవ మార్గ మిదియే. కాని యిది యెల్లరకు ముందుగా తెలియజెప్పి చేసిన త్రిప్పుట.

మాసముల లెక్కయు ఇట్టిదే. సూర్యుని నడకను బట్టి యేర్పడు సంవత్సరమునకును, పండ్రెండు చాంద్రమాసములకును సుమారు 11 దినముల తేడా గలదు. సంక్రమణము లేని చాంద్రమాసము వచ్చినప్పుడు దానిని అధికమాసమని పేర్కొనిరి. ఇట్టివి 19 సంవత్సరములలో 7 వచ్చును. 2023లో శ్రావణము రెండుసారులు వచ్చుట చదువరులకు జ్ఞప్తియందుండును. ఆ యేడు తిరుమలలో సెప్టెంబరునందొకటి, అక్టోబరునందొకటి రెండు బ్రహ్మోత్సవములు జరిగినవి. అధికమాసము వచ్చిన యేట ఇట్లు జరుగుట అక్కడి యాచారము. ఆకాశములోని శేషము ఒకటి తిరుపతి వీథులలో బండ్ల రాకపోకలను, సత్రముల గదులను, పూలబేరమును మార్చివేయుచున్నది. ఇందు మేము గమనింపగోరునది మతవిషయము గాదు, లెక్కల మర్యాద. పంచాంగకర్తలు మిగిలినదానికి పేరు పెట్టిరి, చోటు చూపిరి, దానివలన నేమి జరుగునో ముందుగా చెప్పిరి. మిగులు లేనట్లు నటింపలేదు.

ఇంతవరకు చెప్పినదానిని విని, స్ట్రిక్ట్ అను షరతు పెట్టినచో అంతయు క్షేమమని విద్యార్థులు తలంపరాదు. సంఖ్యలు సరిపోవుట వేరు, జతలు సరిపోవుట వేరు. మా మార్కుల పట్టికయందు రానివాని చోటు విడుచుటతో పాటు, వేరొక బాలుని మార్కులను పొరబాటున రెండుసారు లెక్కించి యుండినచో, పేర్లు 42, మార్కులును 42 అయి యుండును. ఎంత కఠినమైన జిప్ ఐనను నోరు మెదపదు. తప్పు మాత్రము తప్పుగానే యుండును.

మన చిత్తూరు ప్రాంతపు పల్లెలలో పాడియే యనేక కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. పాలు పోసినవారి పేర్లు ఒక వరుసగాను, వారి పాలలోని వెన్నశాతములు వేరొక వరుసగాను వ్రాయబడుచున్నవనుకొనుడు. ఒక సీసా యొలికినను, రెండు సీసాలు తారుమారైనను, చిక్కని పాలు పోసిన ముసలమ్మకు నీళ్లపాల వెల ముట్టును. అందుచేత సీసామీదనే పోసినవారి సంఖ్యను వ్రాయుట యుచితము. అప్పుడు సీసాలను ఏ క్రమమున నుంచినను చింత లేదు. సంఖ్యను చూచి సంఖ్యతో జతచేయవచ్చును. ఇట్లే 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లాలు పునర్విభజింపబడి, తిరుపతి వేరు జిల్లాయైనది. అంతకుముందు చిత్తూరు జిల్లాలో 66 మండలము లుండెను. ఆ పాత జాబితాను నేటి జాబితాతో స్థానమును బట్టి జతపరచువాడు ఒక మండలపు లెక్కను వేరొక మండలమునకు కట్టును. పేరును బట్టి జతపరచువాడు ఏ మండల మెక్కడికి పోయినదో కనుగొనును.

కావున ప్రోగ్రాములు వ్రాయు మన విద్యార్థులకు మేము చెప్పు హితవు మూడు మాటలలో నున్నది. మొదటిది: ప్రతి వస్తువునకును తనదైన గుర్తున్నచో, స్థానమును నమ్మక ఆ గుర్తును బట్టియే జతపరచుము. రెండవది: స్థానమును బట్టి జతపరచక తప్పనప్పుడు, వరుసలు సమానముగా నుండవలసినవైనచో స్ట్రిక్ట్ షరతును పెట్టుము, అది యొక్క పదము, దాని విలువ పెద్దది. మూడవది: శేషమును విడుచుట నీ యుద్దేశమే యైనచో, ఆ యుద్దేశమును ఆ పంక్తి ప్రక్కనే వ్రాసియుంచుము. నీ పిమ్మట దానిని చదువువాడు, ఇది మరచిన పనియో, తలంచి చేసిన పనియో యని తికమకపడకుండును. ఉపాధ్యాయులమైన మాకును హితవొకటి గలదు: రానివాని చోట గీత గీయుట మరువరాదు. ఖాళీ యను గుర్తుకూడ నొక సమాచారమే.

తల్లిదండ్రులకు మా మనవి వేరు. కంప్యూటరు ఇచ్చిన కాగితమని ఏ పట్టికను గూర్చియు ప్రశ్నింపక యుండవలదు. ఆ దినమున ఆ తల్లి బడికి రాకున్నచో, మా తప్పు ఎంతకాలము గోడమీద నిలిచియుండెడిదో చెప్పజాలము. యంత్రము వేగముగా చేసినంతమాత్రమున పని న్యాయముగా చేసినట్లు గాదు. దానిచేత న్యాయముగా చేయించుట దానిని నిర్మించువారి చేతిలోను, వాడువారి చేతిలోను, తుదకు ఫలితమును చూచి "ఇది యెట్లు వచ్చినది?" అని యడుగువారి చేతిలోను ఉన్నది.

ఆ ప్రశ్నను మా తరగతిలో అందరికంటె ముందుగా అడిగినవాడు పరీక్షకు రాని బాలుడు. తనకు రాని మార్కులు తనకు వలదనెను. భాషలను నిర్మించు పండితులు అరువది యేండ్లుగా వెదకుచున్న సమాధానమున సగము ఆ బాలుని మాటలోనే యున్నదని మేము నమ్ముచున్నాము. తనది కానిది తన పేర పడినప్పుడు పలుకుట యొక సగము. తనవానిలో నొకడు మిగిలిపోయినప్పుడు పలుకుట రెండవ సగము. ఈ రెండును చేయు ఫంక్షనును మన పాఠశాల విద్యార్థులు వ్రాయుదురు గాక.